సీసాను వెలుతురుకి ఎత్తిన పిల్ల

"ఆ ల్యాబ్‌లో మా అమ్మాయి పనిచేస్తుంది సార్. ఒకవేళ దొంగ అదే అయితే?"

చీఫ్ తలెత్తి చూశాడు. "నేనింకా ఎవరి మాటా ఎత్తలేదు. అప్పుడే మీ పిల్ల మీదికి పోయిందా మీ మనసు?"

ఏజెంట్ పిచ్చుక తల దించుకుంది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె గురి తప్పిన రోజు లేదు. ఇంట్లో మాత్రం కూతురు కాస్త ఆలస్యమైతే ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసే మనిషి. అమ్మ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుందనే కూతురి నమ్మకం.

చీఫ్ మిషన్ వివరించాడు. వింత జ్వరం సోకిన పిల్లల రక్తం ఆ ల్యాబ్‌కి చేరింది. అక్కడ రోబో యంత్రం సన్నని సూదులతో ఒక్కో నమూనా నుంచి బొట్టు పీల్చి గాజు పలకల మీద దించుతుంది. మధ్యమధ్యలో ఆ సూదుల్ని పక్కనున్న సీసాలోని నీళ్లతో కడుగుతుంది. విదేశీ ముఠా ఆ నీళ్లలో క్రిములు కలపబోతోంది. కలిస్తే ప్రతి బిడ్డకీ ప్రాణాంతక రోగమనే రిపోర్టు వస్తుంది. ఊరంతా హడలిపోయి ముఠా తెచ్చే దొంగ మందును పిల్లలకి వేయిస్తుంది.

"లోపల మన ఏజెంట్ నెమలి ఉంది. యంత్రం కంపెనీ ఎక్స్‌పర్ట్ వేషం. దొంగ దొరికితే కోడ్ వర్డ్, నేల తడిగా ఉంది."

నెరిసిన విగ్గు, మాస్కు, హెయిర్‌పిన్‌లో మైకు, చేతిలో తుడుపు కర్ర. పిచ్చుక స్వీపర్‌గా ల్యాబ్‌లో అడుగుపెట్టింది. ఎత్తు మడమల చెప్పులు టకటకలాడించుకుంటూ నెమలి పక్కకొచ్చింది.

"ఆ పిల్లని కనిపెట్టి ఉండండి. పొద్దుట్నుంచీ సీసా చుట్టూనే తిరుగుతోంది."

ఆ పిల్ల తన పిల్లే. చూస్తుండగానే గొట్టంతో సహా సీసాను పైకి లాగింది.

అనుకున్నంతా అయింది! పిచ్చుక ఒక్క గెంతులో కూతురి చెయ్యి మెలిపెట్టి, "నేల తడిగా ఉంది!" అని అరిచింది. మాస్కు జారిపోయింది.

"అమ్మా? నువ్వా? వదులమ్మా, నొప్పి!"

"ఎవరు చేయించారే నీచేత ఈ పని?"

"నీళ్లు మసగ్గా ఉంటే వెలుతురుకి ఎత్తి చూస్తున్నా! చూడకుండా ఏ సీసా ముట్టుకోవద్దని నువ్వే కదా నూరిపోశావ్!"

నిజమే. దగ్గుమందు సీసానైనా కిటికీ దగ్గర ఎత్తి చూపించిగానీ ఆ పిల్లకి తాగించేది కాదు పిచ్చుక.

వెనక నెమలి నవ్వింది. సీసాను అందుకుని తాపీగా దాని చోట పెట్టి స్టార్ట్ బటన్ నొక్కింది. "థాంక్స్ మేడమ్. మీలాంటి తల్లి ఉంటే మా ముఠాకి వేరే మనిషి అక్కర్లేదు." ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది.

సూదులు ఆ నీళ్లలో మునిగి లేచాయి. పిల్లల రక్తం వైపు కదిలాయి.

"మూతెత్తమ్మా! మూత లేస్తే ఆగిపోతుంది!"

తుడుపు కర్ర విసురుగా లేచింది. దాని కొస యంత్రం గాజు మూత కింద దూరి ఎత్తేసింది. మొదటి బిడ్డ రక్తానికి వెంట్రుకవాసి ఎత్తులో సూదులు ఆగిపోయాయి. కర్ర రెండో కొస నెమలి మణికట్టుకి తగిలింది. అందులో కరెంటు షాక్ దాగుందని ఆమెకి తెలీదు. కుప్పకూలింది.

గార్డులు ఆమెను మోసుకుపోయారు. "శభాష్ పిచ్చుకా!" అన్నాడు చీఫ్, ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్‌లో. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కూతురి మణికట్టు మీద తన వేళ్ల అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క మాటంటే నమ్మింది. కన్నకూతురు నొప్పంటే వినలేదు.

విగ్గు తీసి చేతుల్లో నలుపుతూ గోడవారన నిలబడింది. "ఒక్క మాటైనా అనవే. పోనీ, తిట్టవే."

కూతురు సూదులు మార్చింది. గొట్టాలు కడిగింది. కొత్త పలకలు పరిచింది. ఆ చేతులు ఇంత ఒద్దికగా పనిచేస్తాయని తల్లికి ఇన్నాళ్లూ తెలీదు. ఇవాళ కూడా దొంగను వెతకడానికే చూసింది.

చివరికి కూతురు కొత్త సీసా తీసింది. వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు బిగిస్తున్నానమ్మా," అంది, వెనక్కి తిరక్కుండానే. "చెయ్యి ముందే పట్టుకుంటావా, బిగించాక పట్టుకుంటావా?"