సెంట్రీ వినని కేక

పొద్దు వాలింది. పోలీస్ స్టేషన్లో లాకప్పు ముందు సెంట్రీ కానిస్టేబుల్ బెల్టు బిగించుకుంటున్నాడు. లాకప్పు ఖాళీ. పోయిన నెల అందులోనే, ఇన్‌స్పెక్టర్ కొట్టిన దెబ్బలకు ఓ కుర్రాడు ప్రాణం వదిలాడు, పాపం. వాళ్లమ్మ ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టర్ మీద ఫిర్యాదు పెట్టింది, కోర్టులో దావా కూడా వేసింది. ఆ ఫిర్యాదు మీద రేపే పై అధికారి విచారణ. కుర్రాడు పోయిన రోజు కాపలా ఉన్నది ఇతనే కనక, సాక్షి ఇతనొక్కడే.

"కేకలు వినలేదను, చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ. "విన్నానన్నావో, ఉద్యోగం ఊడి ఇంట్లో ఈగలు తోలుకుంటావు, మీ ఆవిడ చేత చీవాట్లు తింటూ."

"అలాగే సార్."

డ్యూటీ ఎక్కే సెంట్రీ చువ్వల దగ్గర నిలబడి పిలవాలి, లోపలివాళ్లు పలకాలి. అదక్కడి పద్ధతి. ఏళ్ల తరబడి అలవాటైన నోరు ఊరుకుంటుందా? ఖాళీ గదన్న సంగతి మరిచి పిలిచేశాడు.

"లోపలెవరు?"

ఫినాయిలు వాసన. తడి గోడ వాసన. ఎక్కడో కుళాయి చుక్క... చుక్క...

"నేనే, అన్నా."

చువ్వ మీద చెయ్యి బిగుసుకుపోయింది. మూలన చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకటే... మోకాళ్లు ముడుచుకు కూర్చున్నట్టుంది.

"ఆ రోజు నిన్ను పిలిచా కదన్నా," గుసగుసగా అంది గొంతు. "నువ్వు రేడియో సౌండు పెంచావు."

"భయమేసింది రా తమ్ముడూ..."

"విన్నావా, లేదా?"

"విన్నాను. అంతా విన్నాను. రేపు చెప్తాను. నా పిల్లల మీదొట్టు."

కుళాయి ఆగింది. చీకటి మామూలు చీకటైంది.

మర్నాడు విచారణ గదిలో బల్లకవతల అధికారి, ఇవతల ఇన్‌స్పెక్టర్. కిటికీ పక్కన ఆ తల్లి.

"కేకలు విన్నారా?" అడిగాడు అధికారి.

సెంట్రీ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ దగ్గాడు, చిన్నగా.

"వినలేదండీ."

అంతే. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అధికారి పెదాలు కదులుతున్నాయి... మాట లేదు. సెంట్రీ బల్ల మీద గట్టిగా గుద్దాడు. చప్పుడు లేదు.

ఆ తల్లి లేచింది. నేరుగా అతని దగ్గరికొచ్చింది. అతని వంక చూడలేదు. అతని భుజం పక్కన, ఖాళీ గాలిలో, చెదిరిన జుట్టు సర్దుతున్నట్టు మెల్లగా నిమిరింది. రుమాలు తీసి ఎవరి మొహమో తుడిచింది.

రుమాలు ఎర్రబడింది.