అద్దకం మిల్లు రోలరు

1963 మే 28, మంగళవారం. రోహిణి కార్తె. వేటపాలెంలో పొద్దున తొమ్మిదింటికే గాలి పడిపోయింది. జీడిగింజలు కాల్చిన పొగ పైకి పోలేక ఊరి మీదే కూర్చుంది.

అద్దకం మిల్లుల్లో తడిబట్ట పిండే ఇనప రోలర్లకి బుడాన్ షెడ్డులో రబ్బరు తొడుగుతారు. తొడుగు ఊడి తిరిగొచ్చిన రోలరుకి అది ఎందుకు ఊడిందో చెప్పడం తోమా పని. యాభై ఎనిమిదేళ్ళవాడు. ఒకప్పుడు గుంటూరులో రెండేళ్ళు రసాయనశాస్త్రం చదివాడు. ఆ హాస్టలు సాంబారు సంగతి మొదలెడితే ఆపేవాడు కాదు, మనం దాని జోలికి పోవద్దు. ఇప్పుడు కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు.

ఆ పొద్దున వచ్చిన రోలరు, ఆ నెలలో తిరిగొచ్చిన వాటిలో మూడోది. తోమా రబ్బరు ఒలిచాడు. ఇనుము మీద రబ్బరు తునకలు మిగిలితే తప్పు రబ్బరుది. ఇనుము నున్నగా బయటపడితే జిగురు పట్టలేదన్నమాట. పెట్రోలుతో కడిగాక ఎవరో ఒట్టి చేత్తో తాకి జిడ్డు అంటించి ఉంటారు. అందుకే అక్కడ కడిగిన రోలర్ని ఇరుసు పట్టే ఎత్తుతారు.

ఇక్కడ ఇనుము నున్నగా ఉంది. అరచెయ్యి మేర, వేళ్ళ ముద్రతో సహా.

"మౌలాబీ పనే," అన్నాడు బుడాన్. "తల నిండా ఆముదం, ఆ చేతుల్తోనే జిగురు! వాళ్ళ నాయన పోయాడని జాలిపడి పెట్టుకున్నా. సాయంత్రానికి తేల్చవయ్యా. అదేనంటే రేపట్నించి రానక్కర్లేదు."

మౌలాబీ అక్కడే నిలబడి ఉంది. మంచాన పడ్డ తల్లికి ఆమె కూలితోనే గంజి.

"మావయ్యా, నా చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూశాడు. ఆమె చేతులు రెండూ ఆ ముద్రలో ఇమిడిపోయేట్టున్నాయి. పైగా ముద్రలో చూపుడువేలు సగమే ఉంది. ఆమె తండ్రి మాబు సాహెబ్‌కి అంతే ఉండేది. జనవరిలో, చేతిలో జిగురు బ్రష్షుతో, ఆ షెడ్డులోనే కూలిపోయాడాయన.

తోమా ఇంకో రోలర్ని తనే కడిగాడు, తనే జిగురు పూశాడు. నలుగురి చేత ఇరుసు పట్టించి, ఆరడానికి గదిలో పెట్టి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని గడప ముందు కూలబడ్డాడు. మౌలాబీ పక్కన కూర్చుంది. మిట్టమధ్యాహ్నం. ఎండకి రేకులు టిక్కుమంటున్నాయి. పెట్రోలు వాసన. అందులో ఎక్కడో బీడీ వాసన...

పట్... పట్...

"మావయ్యా... లోపలెవరు?"

"ఎలకలు."

"ఆగి ఆగి తడతాయా ఎలకలు?" గుసగుసగా అంది. "గొడ్డుని బుజ్జగించినట్టు, నాయన రోలర్ని ఇట్లాగే తట్టేవాడు..."

పట్...

తాళం తీశాడు. ఎవరూ లేరు. జిగురు మీద గీత కూడా లేదు.

రబ్బరు చుట్టి ఆవిరి బాయిలర్లో ఉడికించి, సాయంత్రం కత్తితో కోశాడు. అరచెయ్యి. అదే వేలు. రబ్బరు లోపలివైపు తడిమి చూశాడు. గుంట. చేతి ఆకారంలో గుంట... పైనుంచి తాకితే అలా పడదు. ఇనుములోంచి ఎవరో బయటికి నెట్టారు.

కత్తి కిందపెట్టి బుడాన్ దగ్గరికి నడిచాడు. భయపడ్డానికీ ఓపిక ఉండాలి.

"నేనే తాకాను, బుడాన్ గారూ. మూడింటినీ. పిల్ల తప్పేం లేదు."

"ముప్పై ఏళ్ళు చేసి ఇదా నువ్వు వెలగబెట్టింది!" అన్నాడు బుడాన్. "ఇంక రేపు రాకు."

మౌలాబీ పని పోకుండా నిలిచింది.

మూడేళ్ళకి బుడాన్ పోయాడు. షెడ్డు అల్లుడికొచ్చింది, బాయిలరు తమ్ముడికి. తండ్రి వాడిన బ్రష్షూ జిగురు డబ్బా మౌలాబీకి ఇచ్చారు. తోమాకి ఏమీ రాలేదు. ఆనాడు కోసి, మళ్ళీ ఆ గదిలోనే పెట్టించిన రోలర్ని ఎవరూ తమ వాటాలో అడగలేదు. నలుగురు పడితే గాని లేవని ఆ ఇనుము, తాళం వేసింది వేసినట్టే ఉన్న గదిలోంచి, పంపకం నాటికే మాయమైంది.