ఇల్లు ఎవరిదని అడిగారు

జ్ఞానమణి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచి ఉన్నాయి. చేతిలోని మజ్జిగ సీసా ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది.

"ఫ్రిజ్ మీద పెట్టక్కా. ఇవి కదిపితే వరస తప్పుతాయి," అంది సుజిత తలెత్తకుండానే.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆ రెండు గదుల క్వార్టర్‌లో అక్కచెల్లెళ్లిద్దరే ఉంటున్నారు. జ్ఞానమణి డయాలసిస్ వార్డులో నర్సుగా చేరి పందొమ్మిదేళ్లయింది. తండ్రి యిర్మీయా పోయాక చెల్లెలి నర్సింగ్ చదువు, ఇదే ఆసుపత్రిలో ఉద్యోగం, రెండేళ్ల కిందట పెళ్లి, అన్నీ తనే దగ్గరుండి చూసింది. తన పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. తనూ ఎత్తలేదు.

సుజిత భర్త స్టాన్లీ బాపట్లవాళ్ల అబ్బాయి. చిన్నప్పుడే అమ్మానాన్నలతో డాలస్ వెళ్లి అక్కడి పౌరుడయ్యాడు. భార్యకు గ్రీన్ కార్డు ఇప్పించమని అతను పెట్టిన అర్జీ ఇన్నాళ్లకు కదిలింది. వచ్చే శనివారం రియాద్‌లోని అమెరికా ఎంబసీకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. సరిగ్గా ఆ ఏడాదే, 2009లో, అతని కంపెనీ మనుషుల్ని తీసేసింది. ఇప్పుడేదో గోడౌన్‌లో పూట పని చేస్తున్నాడు. భార్యను పోషించగలనని చూపించడానికి ఆ జీతం చాలదు. పూచీ ఉంటానన్న అతని అన్న, ఇంట్లో ఒప్పుకోలేదని తప్పుకున్నాడు.

"మరి ఏం చేస్తారే?" అనడిగింది జ్ఞానమణి కుర్చీలో కూలబడి మోకాలు నొక్కుకుంటూ.

"లాయర్ని కనుక్కున్నాడు. జీతం తక్కువైతే ఆస్తి చూపించొచ్చంట. నా పేరున ఉన్నదైనా సరేనంట."

"నీ పేరున ఏముంది?"

"తెనాలి ఇల్లు."

ఆ ఇల్లు బేరానికి వచ్చినప్పుడు జ్ఞానమణి పాస్‌పోర్టు యాజమాన్యం దగ్గర ఉంది, సెలవు ఇవ్వలేమన్నారు. అమ్మేవాడు ఆగనన్నాడు. డబ్బు పంపి, ఊళ్లో చదువుకుంటున్న చెల్లెల్నే వెళ్లి సంతకం పెట్టమంది. తర్వాత తన పేరుకు మార్పించుకోవచ్చులే అనుకుంది. ఆ తర్వాత ఎవరికీ ఆ అవసరం కనిపించలేదు. అద్దె జ్ఞానమణి ఖాతాలోకి వస్తోంది, పన్ను ఆమే కడుతోంది.

"ఇంజనీరుతో విలువ కట్టించి తెప్పించాను. ఒరిజినల్ దస్తావేజు నీ పెట్టెలో ఉందిగా, అదొక్కటిస్తే చాలు."

"విలువ ఎప్పుడు కట్టించావు?"

"పోయిన నెల."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు వరసగా నైట్ డ్యూటీల్లో ఉన్నావు కదక్కా. అయినా నా పేరునే ఉంది కదా, నా సంతకమే సరిపోయింది."

ఆ మాట సుజిత మామూలుగానే అంది. అన్నాక గానీ అక్క ముఖం చూడలేదు.

"ఆస్తి అంటే ఎట్లా?" అంది జ్ఞానమణి మెల్లగా. "రేపు మీ ఇద్దరికీ జరక్కపోతే అమ్ముకుని బతుకుతారనేగా వాళ్ల లెక్క? అమ్ముతావా అని అడిగితే ఏం చెప్తావు?"

"అమ్ముతానంటాను. మాటకేగా అక్కా. నిజంగా ఎవరమ్ముతారు?"

"మాటకే అయితే నాతో ఒక మాట అనడానికి నెలరోజులు ఎందుకు పట్టింది?"

సుజితకు కోపమొచ్చింది. "నేను ఎన్నాళ్లు ఇక్కడే పడుండాలి చెప్పు? రెండేళ్లలో ఆయనతో కలిసి ఉన్నది రెండు సెలవులు. పిల్లలకోసం ఎదురుచూసే వయసు కూడా దాటిపోతోంది. నీకు అదంతా తెలియదు."

"తెలియదు," అంది జ్ఞానమణి. "నాకెట్లా తెలుస్తుంది."

లేచి లోపలికి వెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. దస్తావేజు తెచ్చి కాగితాల పక్కన పెట్టి, స్నానానికి వెళ్లిపోయింది. ఆ వారమంతా ఇద్దరూ అవసరమైనంతే మాట్లాడుకున్నారు.

శనివారం ఉదయం ఆసుపత్రి డ్రైవర్ మస్తాన్ వలీ సుజితను రియాద్ తీసుకెళ్లాడు. కడపవాడు. దారంతా జవాబులు వల్లెవేస్తూ ఆమె పెదవులు కదుపుతుంటే అద్దంలో చూసి, "అంత భయపడాకమ్మా, ఉన్నదున్నట్టు చెప్తే అయిపోతాది," అన్నాడు.

ఎంబసీలో కిటికీ వెనక కూర్చున్న ఆఫీసరు వయసులో చిన్నవాడు. పెళ్లి ఫొటోలు చూశాడు, స్టాన్లీ పన్ను కాగితాలు చూశాడు. తెనాలి ఇంటి విలువ కట్టిన పత్రం దగ్గర ఆగాడు.

"ఈ ఇల్లు ఎవరిది?"

"నాది."

"మీకెలా వచ్చింది?"

"మా ఇంట్లోవాళ్లు నాకోసం కొన్నారు."

"ఇప్పుడందులో ఎవరుంటున్నారు?"

"ఎవరో అద్దెకుంటున్నారు."

"అవసరమైతే అమ్ముతారా?"

"అమ్ముతాను."

వారంలో పాస్‌పోర్టు మీద వీసా వేసి ఇస్తామన్నాడు. సుజిత బయటికొచ్చి స్టాన్లీకి ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతోనే. కారు ఊరు దాటాక ఆ సంతోషం తగ్గింది. అబద్ధానికి ఎంత తడబడతానోనని వారంపాటు భయపడింది. ఒక్కచోట కూడా తడబడలేదు. ఇంట్లోవాళ్లు నాకోసం కొన్నారు అన్నప్పుడు కళ్లముందు అక్క రాలేదు.

ఇంటికొచ్చేసరికి జ్ఞానమణి కూర తాలింపు వేస్తోంది. సుజిత అన్నీ చెప్పింది, అడిగినవీ, తను చెప్పినవీ. జ్ఞానమణి గరిటె పక్కన పెట్టింది.

"నాకోసం కొన్నారన్నావా?"

"అన్నాను."

జ్ఞానమణి స్టవ్ కట్టేసింది. "నా కాంట్రాక్టు పొడిగించలేదే. వచ్చే నెల ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తారు. ఈ మోకాళ్లు చూసి ఇంకెవరూ పని ఇవ్వరు. నీ ఇంటర్వ్యూ పాడవుతుందని చెప్పలేదు. వెళ్తే ఆ ఇంటికే వెళ్లాలి నేను."

సుజిత బల్ల దగ్గర కుర్చీలో కూర్చుండిపోయింది.

"నువ్వు అమెరికా విమానం ఎక్కకముందే ఆ ఇల్లు నా పేరున రాసిచ్చి వెళ్లు."

"నేను నిన్ను రోడ్డున పడేస్తానా అక్కా? నా మీద నమ్మకం లేదా?"

"మొన్నటిదాకా ఉండేది," అంది జ్ఞానమణి. ఆమె గొంతులో కోపం లేదు. అదే సుజితకు భరించలేనిదైంది.

ఫోన్లో చెబితే స్టాన్లీ ఒప్పుకోలేదు. "ఇప్పుడే మారిస్తే రేపెవరైనా అడిగితే ఏం చెప్తాం? కార్డు చేతికి రానీ. అయినా అంత తొందరేంటి? నా ఉద్యోగం ఇలాగే ఉంటే ఆ ఇల్లే మనకు ఆధారం."

"అది మనదని ఎప్పటినుంచి అనుకుంటున్నావు స్టాన్లీ?"

"నువ్వే కదా మనదని కాగితాలు పంపావు."

సుజిత ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. అతను అన్నది తను ఆఫీసరుకు చెప్పిందే.

"మార్చేస్తున్నాను. దానివల్ల ఏమైనా వస్తే నేను పడతాను," అంది చివరికి. అతను ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత రెండు రోజులు చెయ్యలేదు.

సుజిత ఉద్యోగం మానేసింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే విమానంలో ఊరికి వచ్చారు. దారిలో తిండి పంచుకున్నారు, దుప్పటి పంచుకున్నారు, ఇంటి గురించి మాత్రం మాట్లాడుకోలేదు.

తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ముసలాయన కళ్లజోడు సర్దుకుని, రాసింది చదివి వినిపించాడు.

"...తోడబుట్టిన అక్కగారైన మీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత, నా స్వార్జితమైన ఈ దిగువ షెడ్యూలు ఇంటిని మీకు దానముగా ఇచ్చుచున్నాను..."

"ఆగండి," అంది సుజిత. "స్వార్జితం కాదండి. దానం అనొద్దు. ఇల్లు ఆవిడది. ఆవిడ సొమ్ముతో కొన్నది. తిరిగి ఇస్తున్నానని రాయండి."

"అట్టా రాస్తే లేనిపోని తిప్పలమ్మా. కాగితంలో కొన్నది మీరే. దానమని ఉంటేనే లోపల తీసుకుంటారు."

"నేను ఆవిడకి దానం చేయడమేంటండి?" అంది సుజిత. అల్ ఖర్జ్‌లో రాని ఏడుపు, ఫోన్లో భర్తతో వాదించినప్పుడు రాని ఏడుపు అక్కడ, పదిమంది మధ్యలో, ఆపుకోలేనంతగా వచ్చింది. "నన్ను చదివించింది. నాకు అన్నం పెట్టింది. అడక్కుండా ఆవిడ ఇల్లు నాదన్నాను. ఇప్పుడు దానం చేస్తున్నానని రాయాలా?"

ముసలాయన కలం పట్టుకుని జ్ఞానమణి వంక చూశాడు. ఆమె చెల్లెలి పక్కకు జరిగి కూర్చుంది.

"రాసినట్టే ఉండనివ్వండి," అంది ఆయనతో. సుజిత వైపు తిరిగింది. "ఇక్కడ అన్నావుగా. నేను విన్నాను. చాలు."

సుజిత సంతకం పెట్టింది. లోపల వేలిముద్ర వేశాక బొటనవేలికి అంటిన సిరాను జ్ఞానమణి తన చీర కొంగుతో తుడిచింది. సిరా పూర్తిగా పోలేదు. చీర పాడైంది.

"పెద్దగదిలో నేనుంటాను," అంది మెట్లు దిగుతూ, చెల్లెలి భుజం ఆసరా చేసుకుని. "చిన్నగది అద్దెకివ్వను. అతనితో కలిసి వచ్చినా, ఒక్కదానివే వచ్చినా, రా."

అక్క బరువు తన భుజం మీద మోస్తూ సుజిత ఒక్కో మెట్టూ దిగింది.