బోధన్‌కు వచ్చిన సముద్రం

సోమవారం పొద్దున ఏడు గంటలకు అనసూయమ్మ చేతిలోంచి కత్తెర జారి చాటలో పడింది.

అప్పటిదాకా అది మామూలు పొద్దునే. బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధిలో ఆ ఇంటి ముందు కొడుకు నరేష్ ఆటో తుడుస్తున్నాడు. అతని తండ్రి లింబయ్య సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. అరుగు మీద అత్తా కోడలూ చెరో చాట ఒళ్లో పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్నారు. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న ఆ చేతిలోంచి కత్తెర జారడం కోడలు నూకరత్నం ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం గాలే. జర తిమ్మిరెక్కింది. నీ పని నువ్వు సూస్కో. అసలే నీ బీడీలు చుట్టలంత లావస్తున్నయ్."

రత్నం నవ్వలేదు. లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. బొటనవేలు ఉబ్బి నున్నగా మెరుస్తోంది. ఎరుపు మణికట్టు దాకా పాకింది. చెయ్యి కాలిపోతోంది. వేలికి చుట్టిన బీడీ దారం మాంసంలోకి దిగిపోయింది.

శనివారం సాయంత్రం కత్తెర నూరుతుంటే ఆ వేలు తెగిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి బీడీల ఆడవాళ్లంతా చేసేదే ఆమె కూడా చేసింది. తెగినచోట తంబాకు పొడి అదిమి, దారం చుట్టి, మళ్లీ చాట ముందు కూర్చుంది. తెలియనిది ఆదివారం సంగతి. సముద్రపొడ్డున ఉన్న ఉప్పాడ నుంచి రత్నం నాన్న ఐసు పెట్టెలో పీతలు పంపాడు. రత్నం అల్లం కోసం అంగడికి వెళ్లి వచ్చేసరికి అనసూయమ్మ అన్నిటినీ శుభ్రం చేసి పెట్టేసింది.

"పీత గుచ్చుకుందా మీకు?" అని రత్నం మెల్లగా అడిగింది.

"ఎండ్రికాయ కాలు జర గీరింది. గింత దానికి గట్ల సూస్తవేంది?"

రత్నం నరేష్ జేబులోంచి పెన్ను లాక్కుని, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అత్త చేతి మీద గీత గీసింది. పక్కన టైము రాసింది. ఏడూ పది.

వీధి చివరి ఆర్‌ఎంపీ వచ్చి, చీము పడుతోందని, రెండ్రోజుల్లో తగ్గుతుందని చెప్పి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లాడు. కబురందుకున్న ఆడబిడ్డ జ్యోతిరాణి ఎడపల్లి నుంచి బస్సెక్కి దిగింది. తల్లి చెయ్యి చూడగానే, తేలు ముట్టిందేమోనని, తమ ఊళ్లో ఆకు పసరు కట్టే ముసలామె ఉందని అంది. లింబయ్యకు ఆ మాట నచ్చింది. నిజామాబాద్ పెద్దాసుపత్రికి పోదామని రత్నం అంటే, బొటనవేలు తెగితే అంత దూరం ఎవరైనా పోతారా అన్నాడు.

ఎనిమిదిన్నరకు ఎరుపు గీత దాటి నాలుగు వేళ్ల మేర పైకి పోయింది. వేలి పక్కన నల్లటి నీటిబుడగ లేచింది. రత్నం రెండో గీత గీసింది.

అనసూయమ్మ కోడలి వైపు సూటిగా చూసింది. చెప్పొద్దు అని అర్థం. ఆరు నెలల కిందట రక్తపరీక్షల క్యాంపులో ఆమె లివర్ గట్టిపడుతోందని తేలింది. ఆ సంగతి తెలిసింది వాళ్లిద్దరికే. తెలిస్తే లింబయ్య చాట గుంజుకుని మూల కూర్చోబెడతాడని భయపడి, ఆమె కోడలి చేత ఒట్టు వేయించుకుంది.

రత్నం అత్త చెయ్యి వదల్లేదు.

"నన్ను క్షమించండి అత్తమ్మా, ఒట్టు తప్పుతున్నాను. మావయ్యగారూ, అత్తమ్మకి లివర్ జబ్బుంది. ఆ పీతలమీది ఉప్పునీళ్లలో ఓ క్రిమి ఉంటుంది. మంచి ఒంట్లో దూరితే చాలామందికి పుండుతో పోతుంది. లివర్ బాగోలేని మనిషి గాయంలో దూరితే ఆగదు. మా చిన్నాన్న కాలికి గేలం గుచ్చుకుంది. తాగి తాగి లివర్ పోగొట్టుకున్న మనిషి. మూడో రోజుకి లేడు."

ముందు తేరుకున్నది జ్యోతిరాణి.

"అంటే మా అవ్వకు నువ్వే తెచ్చి పెట్టినవన్నట్టు."

రత్నం ఆమె కళ్లలోకి చూసింది. కాదనొచ్చు. తేలే కుట్టిందని ఊరుకోవచ్చు. ఈ ఇంట్లో రెండేళ్లు నిలదొక్కుకున్న కాలు ఈ ఒక్క మాటతో జారిపోతుందని ఆమెకు తెలుసు.

"అవును వదినగారూ. నా పెట్టెలోంచే వచ్చింది. తిట్టేది ఆటోలో తిట్టండి. ఇప్పుడు బయల్దేరాలి."

నరేష్ అప్పటికే ఆటో తిప్పాడు.

ఎడపల్లి దాటేసరికి అనసూయమ్మకు చలి మొదలైంది. జ్యోతిరాణి తిట్టలేదు. తల్లి తలను ఒళ్లో పెట్టుకుని, ఎరుపు ఎంత దూరం వచ్చిందో రత్నం చెబుతుంటే వింటూ కూర్చుంది. మోచేయి దగ్గర మూడో గీత పడింది.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టర్ శ్రీవాణి ఆ చేతి మీది గీతలు చూసింది. ఎవరు గీశారని అడిగింది. రత్నం ఒక్క ఊపిరిలో చెప్పింది: పీత గుచ్చుకుంది నిన్న మధ్యాహ్నం, తెగిన గాయం అంతకు ముందు రోజుది, లివర్ పరీక్ష ఆరు నెలల కిందటిది, గీతలు ఏ టైముకు ఏవి. డాక్టర్ రిపోర్టుల కోసం ఆగలేదు. సముద్రపు క్రిమికి పనిచేసే రెండు మందులు ఒకేసారి ఎక్కించమంది. చెడిన మాంసం తీసేయడానికి సర్జన్‌ను పిలిచింది. గాయంలోని నీటిని ల్యాబ్‌కు పంపుతూ, ఉప్పు కలిపిన మేతలో పెంచమని చీటీ మీద ప్రత్యేకంగా రాసింది. ఆ క్రిమి ఉప్పు లేనిదే పెరగదు.

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. వరండాలో లింబయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడు గంటలు నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి డాక్టర్ బయటికి వచ్చింది. ప్రాణానికి గండం తప్పుతున్నట్టే ఉందని, చెయ్యి దక్కిందని, బొటనవేలి పై కణుపు మాత్రం తీసేయాల్సి వచ్చిందని చెప్పింది. ఆ కూర తామందరూ తిన్నామని లింబయ్య భయపడుతూ అడిగాడు. బాగా ఉడికితే క్రిమి చస్తుందని, పచ్చివి ముట్టుకునే చేతికి గాయం ఉండటమే ప్రమాదమని ఆమె ధైర్యం చెప్పింది. లివర్‌కు దీనికి ఏం సంబంధమని అడిగింది జ్యోతిరాణి.

"మన రక్తంలో ఇనుము ఉంటదమ్మా. లివర్ మంచిగుంటే దాన్ని భద్రంగా దాచిపెడ్తది. చెడిపోతే ఇనుము రక్తంలో ఊరికే దొరుకుతది. ఈ క్రిమికి అదే మేత. ఒకటి వందైతది, వంద లక్షయితది, గంటల్లోనే. సముద్రం లేని ఊరు మనది. ఈ అమ్మాయి సముద్రమని చెప్పకుంటే మేము మామూలు చీము అనుకొని మొదలుపెట్టేవాళ్లం. సాయంత్రానికి ఈ చెయ్యి, ఆ తర్వాత మనిషి కూడా మనకు దక్కకపోతుండె."

డాక్టర్ వెళ్లిపోయింది. లింబయ్య అప్పుడు కూర్చున్నాడు. పక్క బెంచీ మీది పెద్దమనిషితో, ఎవరూ అడక్కుండానే, ఆ పోరి మా కోడలు అన్నాడు. సముద్రపొడ్డున పుట్టింది, మొత్తం తెలుసు దానికి అన్నాడు. రెండేళ్లలో అతను ఆమెను నలుగురిలో కోడలు అనడం నరేష్ వినడం అదే మొదటిసారి.

జ్యోతిరాణి రత్నం పక్కకు వచ్చి కూర్చుంది.

"ఆకు పసరు కడ్దామన్న నేను. నా మాట వింటే మా అవ్వ పోతుండె."

"మీకేం తెలుసు వదినగారూ."

"నీకు తెలుసు గద. తెలిసి, నీ మీద పడ్తదని తెలిసి గూడ చెప్పినవ్. నేనైతే చెప్తుంటినో లేదో."

బుధవారం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. రత్నం చెప్పిన క్రిమే. అనసూయమ్మ జ్వరం దిగింది గానీ కోడలితో మాట్లాడలేదు. చెంచాతో గంజి పోస్తే తాగుతోంది, మొహం గోడకు తిప్పుకుంటోంది. ఒట్టు తప్పినందుకే కోపమని రత్నం అనుకుంది. రెండు రోజులు భరించి, మూడో రోజు గిన్నె కింద పెట్టేసింది.

"అంత గాయం పెట్టుకుని ఆ పీతలు ఎందుకు ముట్టుకున్నారు అత్తమ్మా? నేను వచ్చేదాకా ఆగితే ఏం పోయేది?"

అనసూయమ్మ కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది. ఆమె కళ్లు నిండాయి.

"రెండేండ్ల సంది జొన్నరొట్టె తింటున్నవ్. ఒక్కనాడు గూడ గొంతుల దిగుతలేదని అనలే. నీకు దిగేది ఒక్కనాడన్న నా చేత్తోని వండి పెడ్దామనుకున్న. గదే చెయ్యి నిన్ను అందరి ముంగట నిలబెట్టి అనిపిచ్చింది. ఏ మొకం పెట్టుకొని మాట్లాడాలె?"

సోమవారం పొద్దుటి నుంచి రత్నం ఒక్కసారి కూడా ఏడవలేదు. గీతలు గీసేటప్పుడూ, నింద మోసేటప్పుడూ, తలుపు ముందు కూర్చున్నప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు అత్త ఒళ్లో మొహం దాచుకుని, పక్క మంచాల వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చింది. అనసూయమ్మ ఎడమ చెయ్యి తడబడుతూ ఆమె తల మీదికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.