కేదార్ వర్మ పాస్‌పోర్టు

"షూటర్ నాలుగింటి ఫ్లైట్‌కి పోతున్నాడు. ఏ పేరుతోనో తెలియదు. కనుక్కో." పంజాగుట్ట ఇంటెలిజెన్స్ ఆఫీసులో చీఫ్ హనుమత్ప్రసాద్ బ్రీఫింగ్ అంతే.

మిగతాది ఏజెంట్ మహిపాల్‌కు తెలుసు. అమీర్‌పేటలో ఫణీంద్ర నడిపే వీసా కన్సల్టెన్సీ ఒక విదేశీ ముఠాకు ముసుగు. నేరస్థులకు కొత్త పేర్లు, నకిలీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్లు అక్కడే తయారవుతాయి. ఈసారి టార్గెట్, కెనడాలో దాక్కున్న ఒక సాక్షి.

లోపల మహిపాల్ మనిషి రవళి. షిఫాన్ చీర, ఎర్ర లిప్‌స్టిక్, రిసెప్షన్ సీటు. మూడేళ్ల క్రితం మధురానగర్‌లో తను పనిచేసే హాస్టల్ ఓనర్ చెయ్యి పట్టి లాగితే, స్టీలు జగ్గుతో అతని తల పగలగొట్టింది. శిక్ష పడింది. ఆ ఒక్క కేసుతో కెనడా వీసా రెండుసార్లు తిరస్కరించారు. విడిపోయిన భర్త తీసుకెళ్లిన కూతురు అక్కడే ఉంది.

"పనైతే ఆ రికార్డు ఉండదు. ఫికర్ చెయ్యకు," అని మహిపాల్ మాటిచ్చాడు.

మూడున్నర. కన్సల్టెన్సీ కింద చెరకురసం బండి దగ్గర లుంగీలో మహిపాల్. చెవిలో ఇయర్‌పీస్. రవళి జూకాలో మైక్.

ఆమె ఫణీంద్ర బీరువాలో ఫైలు తెరిచి చూసేసరికే వెనక అడుగుల చప్పుడు.

"ఒక జూకా బరువుగా వేలాడుతోందేంటి రవళీ?" ఫణీంద్ర గొంతు.

పేపర్ కటర్ దిగిన చప్పుడు. అరుపు.

"ఒక వేలు పోయింది. ఎవరు పంపారు?"

మహిపాల్ మెట్ల వైపు ఉరికాడు.

"ఆగు," ఇయర్‌పీస్‌లో చీఫ్. "పేరు రానీ."

"సార్, చంపుతుండు ఆమెను!"

"పేరు రానీ."

రెండో వేలు. అప్పుడు రవళి గొంతు చించుకుని అరిచింది. "కేదార్ వర్మ! పాస్‌పోర్టు మీద కేదార్ వర్మ!"

మహిపాల్ తలుపు పగలగొట్టాడు. అటు ఎయిర్‌పోర్టులో, విమానం తలుపు మూసే నిమిషంలో షూటర్‌ను సీట్లోంచి లాగారు.

మర్నాడు చీఫ్ చార్జిషీటు ముందుకు తోశాడు. నకిలీ పత్రాల కేసు. రెండో నిందితురాలు, రవళి.

"ఇదేంది సార్? మాటిచ్చినం."

"పాత రికార్డు తీసేశాం కదా. ఆ నకిలీ సర్టిఫికెట్ల మీద సీళ్లు వేసింది ఆమే. మన మనిషని కోర్టులో చెప్పలేం."

ఆస్పత్రిలో రవళి కట్టు చేతిని గుండెకు ఆనించుకుని పడుకుంది.

"సార్, నా కేసు?"

"పాతది లేదమ్మా."

"అయితే పాపను చూడొచ్చు!" ఆమె ఏడుస్తూ నవ్వింది. మహిపాల్ బయటికి నడిచాడు. గుమ్మంలో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పక్కకు జరిగి దారిచ్చారు.

వచ్చే నెల అతనికి కెనడా పోస్టింగ్. ఫారంలో నేరచరిత్ర గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. 'లేదు' అని రాశాడు. వీసా వారంలో వచ్చింది.