ఎక్కేటప్పుడే దిగే సీటు

రిపేరు అక్కర్లేదు, డబ్బులు కూడా వద్దు అని సైకిల్ మెకానిక్ అన్న క్షణంలోనే ఆమెకి అతని మీద అనుమానం పుట్టింది.

ఆమె ఉద్యోగం అలాంటిది మరి. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు తనిఖీ చేస్తుంది. కాలిపోయిందన్న కొట్టు నిజంగా కాలిందా, ఎవరో ఎత్తుకుపోయారన్న కారు బావమరిది ఇంటి వెనక దాక్కుని ఉందా అని ఆరా తీయడమే పని. ఆఫీసులో ఆమెని భూతద్దం అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

పుట్టినరోజుకి అక్క కొనిచ్చిన డ్రాపర్ సీటు రాడ్డుతో వచ్చింది ఈ తంటా అంతా. హ్యాండిల్ మీద బటన్ నొక్కితే సీటు కిందికి దిగుతుంది, లేచి మళ్ళీ నొక్కితే పైకి వస్తుంది. వైర్లు లేవు, మొత్తం ఎలక్ట్రానిక్. కొండరోడ్డు మీద పల్లానికి దిగేటప్పుడు హాయిగా ఉంటుంది. ఈ సీటుకి మాత్రం ఎక్కేటప్పుడే దిగబుద్ధయ్యేది. ఆమె ఏ బటనూ నొక్కకుండానే, సరిగ్గా పెద్ద మలుపు దగ్గర, చతికిలబడేది. మొదటిసారి ఆమె సైకిల్‌తో సహా రోడ్డు మీద పడి మోచేయి గీరుకుపోయింది. వెనక వస్తున్న నీలం రెయిన్‌కోటు మనిషెవరో ఆగబోతుంటే, సిగ్గేసి గబగబా లేచి వెళ్ళిపోయింది.

షాపుకి తెస్తే ఆ సీటు ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకునేది. మెకానిక్ ఎన్నిసార్లు నొక్కినా చెప్పినట్టు వినేది. బ్యాటరీ బాగుంది, లోపల నూనె కారడం లేదు. తప్పెక్కడుందో తెలియకుండా విప్పితే ఉన్నది కూడా చెడుతుందని, భయంగా ఉంటే తీసేసి మామూలు రాడ్డు వేసుకోమని అతను చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆమె మొహంలోకి చూడలేదు.

“డబ్బులడిగితే దొంగంటావు, వద్దంటే గజదొంగంటావు. ఆ అబ్బాయి ఏం చేస్తే నీకు నచ్చుతాడే?” అంది అక్క.

నచ్చడం సంగతి ఎవరడిగారని చెల్లెలు కాస్త తొందరగానే అనేసింది. నిజానికి నచ్చాడు. చేతికి గ్రీజుంటే మోచేత్తో జుట్టు పైకి తోసుకునే తీరు కూడా నచ్చింది. చిక్కంతా అక్కడే ఉంది. అతను ఏదో దాస్తున్నాడు. సీటు బాగుచేయించాలా తీసి పారేయాలా అన్న ప్రశ్న, ఈ మనిషిని నమ్మాలా మానేయాలా అన్నదాకా వచ్చేసింది.

అందుకే, కొండ మీదికి వచ్చి కళ్ళారా చూడమని అతన్ని బలవంతపెట్టింది. ఆదివారం పొద్దున్నే సన్నగా తుంపర పడుతుండగా అతను తన సైకిల్ మీద వచ్చాడు, నీలం రెయిన్‌కోటు వేసుకుని. ఆమె ఆ కోటుని గుర్తుపట్టింది. తను ముందు, అతను వెనక బయల్దేరారు.

మలుపు దగ్గర సీటు దిగింది. ఈసారి సిద్ధంగా ఉంది కాబట్టి కాలు ఆనించి నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే అతని సీటు కూడా దిగి ఉంది.

“మళ్ళీ నొక్కండి.”

“ఏంటండీ?”

“మీ బటన్.”

అతను దిగి నొక్కాడు. రెండు సైకిళ్ళ సీట్లూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

అప్పుడు మొత్తం బయటపడింది. ఆ రాడ్డు ఒకప్పుడు అతనిదే. అక్క సెకండ్ హ్యాండ్‌లో కొని, కొత్తదనే చెప్పాలని అతని చేత ఒట్టు వేయించుకుంది. అతను రాడ్డుకి వేరే బటన్ జతచేసి ఇచ్చి, పాత బటన్‌ని తను కొనుక్కున్న కొత్త రాడ్డుకి కలుపుకున్నాడు. ఆ బటన్ పాత రాడ్డుని ఇంకా మర్చిపోలేదని అతనికీ ఇప్పుడే తెలిసింది. మలుపు ముందు చిన్న పల్లం వస్తే సీటు దించుకోవడం అతనికి అలవాటు.

“మీ ఇల్లూ షాపూ కొండ కిందే ఉన్నాయి. రోజూ ఇక్కడ మీకేం పని?” అంది ఆమె, ఆఫీసు గొంతుతో.

అతను చాలాసేపు హ్యాండిల్ తుడిచాడు.

“మొదటిరోజు ఊరికే వచ్చానండీ. నేనమ్మిన సామాను వల్ల మీరు పడ్డారు. మళ్ళీ పడితే లేపడానికి ఎవరో ఒకరుండాలి కదా అని, అప్పట్నుంచీ రోజూ వెనకే వస్తున్నాను.”

“మీరు కాపలా కాస్తున్నందుకే నేను పడుతున్నానన్నమాట.”

“అవునండీ,” అన్నాడు అతను దీనంగా.

కోప్పడదామని నోరు తెరిచిన ఆమెకి నవ్వొచ్చింది. ఎన్నో అబద్ధాలు విన్న మనిషి ఆమె. అబద్ధమాడేవాడు తనని తాను ఇంత తెలివితక్కువవాడిగా చూపించుకోడు.

షాపుకి వచ్చేసరికి అక్క అక్కడే ఉంది, చెల్లెలు ఫోన్ చేసి రప్పించింది. సెకండ్ హ్యాండ్ అని తెలిస్తే పాత యజమాని మీద విచారణ పెడతావని దాచానే అని ఒప్పేసుకుంది. ఆ విచారణ ఎలాగూ జరిగిపోయింది.

మెకానిక్ తన బటన్‌లోంచి ఆ పాత రాడ్డుని తుడిచేశాడు. చిటికెలో పని. “ఇంక పడదు. నేను వెనక రావాల్సిన పని కూడా లేదు,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“మీరు తీసేశానంటే నమ్మేస్తానా? రేపట్నుంచి పక్కన రండి. పడుతుందో లేదో చూడాలి.”

“ఎన్నాళ్ళండీ?”

“నా అనుమానం తీరేదాకా.”

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “బాబూ, దీనికి అనుమానం తీరడం ఈ జన్మలో జరిగే పని కాదు. బాగా ఆలోచించుకో.”

అతను తలెత్తి, మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. “ఆలోచించుకునే కదండీ రోజూ కొండెక్కింది,” అన్నాడు.

భూతద్దం ఆ ఒక్క మాటని మాత్రం తనిఖీ చేయలేదు.