పక్షం అంటే పదిహేను రోజులు కాదట!

“రెండు పక్షాల్లో రెడీ అవ్వాలి” అన్నారు ఫిలాసఫీ సారు. రెండు పక్షాలంటే నెల రోజులు కదా అని హాయిగా తిరిగేశాను.

“పక్షమంటే సైడ్ రా మొద్దూ! అటూ ఇటూ నువ్వే వాదించాలి. డిబేట్ ఇవాళే!” నా పక్క సీటు అమ్మాయి నెత్తి కొట్టుకుంది. అన్నిటికీ తీర్పులిస్తుందని క్లాసంతా ఆమెని జడ్జిగారంటాం.

టాపిక్: ఇచ్చిన మాట తప్పొచ్చా?

తప్పకూడదని ముందు నేను ఎడాపెడా దంచేశాను. చప్పట్లే చప్పట్లు. జడ్జిగారు మాత్రం తల దించుకుంది.

“ఏమైంది? బాగా చెప్పలేదా?” కూర్చుంటూ గుసగుసగా అడిగాను.

“బాగానే చెప్పావు. నాన్న చెయ్యి విరిగినప్పుడు, చదువు ఆపేసి ఇకమీదట మా ప్రింటింగ్ ప్రెస్ నేనే చూసుకుంటానని మాటిచ్చా. వెళ్ళాలా వద్దా అని వారం నుంచి నలిగిపోతున్నా. నువ్వు తేల్చేశావు. సోమవారం వెళ్ళిపోతా.”

నా నోటికి తాళమెయ్య!

సారు బెల్ కొట్టారు. “ఇప్పుడు రెండో పక్షం.”

లేచాను. ఒక్క పాయింటూ తట్టలేదు. ఆమె వెళ్తే నాకెందుకంత దిగులో అసలు అర్థం కాలేదు.

“మాట తప్పొచ్చు సార్. ఎందుకంటే... సోమవారం... నువ్వు వెళ్ళకు!”

క్లాసు గొల్లుమంది. “అది వాదన కాదయ్యా, బతిమాలుకోవడం” అన్నారు సారు.

బయట జోరున వాన. వరండాలో ఆమె నా దారికి అడ్డంగా నిలబడింది.

“అది మార్కుల కోసమా, నిజంగానా?”

“నాకే తెలీదు. కాదు, తెలుసు. నువ్వంటే ఇష్టం. అమ్మో, నాకే ఇప్పుడు తెలిసింది!”

“మరి నాన్నకిచ్చిన మాట?”

“తప్పొద్దు. అలాగని వెళ్ళనూ వద్దు. అబ్బా, బుర్ర పనిచెయ్యట్లేదు. ఆ మాట వెనక్కిచ్చెయ్యమని ఆయన్నే అడక్కూడదా?”

ఆమె ఫోన్ తీసి నాన్నకి కలిపి స్పీకర్ పెట్టింది.

“నాన్నా, నేనిచ్చిన మాట వెనక్కిచ్చేస్తావా? నాకు చదువుకోవాలనుంది.”

అవతల మిషన్ చప్పుడు ఆగింది. “పిచ్చితల్లీ! నా చెయ్యి బాగై నెలవుతోంది. నీకే చదువు నచ్చక వచ్చేస్తున్నావేమోనని నేను దిగులు పడుతున్నా. హాయిగా చదువుకో. ఇంతకీ ఈ ఐడియా ఎవరిది? పక్కనెవరు?”

జడ్జిగారు ఫోన్ నా వైపు జరిపింది. నేను ముందుకు వంగాను. “నేనండీ. క్లాస్‌మేట్‌ని.”

“ఓహో. మా అమ్మాయంటే ఇష్టమా బాబూ?”

“నాకైతే ఇష్టమేనండీ. తన సంగతి ఇంకా చెప్పలేదు.”

“నాకూ ఇష్టమే” అంది ఆమె, ఎర్రబడిన మొహంతో.

అది ఆయనకి చెప్పిందో నాకు చెప్పిందో తెలీక, ఆయనా నేనూ ఒకేసారి “ఆఁ?” అన్నాం.